‘కొత్త కేంద్రం’ అని రాశాను

బడి పిల్లల మధ్యాహ్న భోజనాల సెక్షన్లో పనిచేస్తున్నానంటే చాలామంది నన్ను వంట నేర్పే టీచరనుకునేవారు. పెళ్ళిళ్ళలో కలిసిన చుట్టాలు, ఉప్మా ఉండకట్టకుండా ఏం చేయాలని నన్ను అడిగేవారు. నిజానికి నా ఉద్యోగం మొత్తంలో నేను పొయ్యి దగ్గర నిలబడ్డ రోజులు చాలా తక్కువ. నా పని కాగితంతో. హైదరాబాదు నుంచి ఒక ఉత్తర్వు వస్తుంది. ఏ పిల్లలకు పెట్టాలి, ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఆ నిధులు ఎప్పటిదాకా ఉంటాయి అన్నవి అందులో ఉంటాయి. దాన్ని అర్థం చేసుకుని విశాఖపట్నం చుట్టుపక్కల బడులన్నిటికీ చెప్పాలి. ఆ బడుల్లో ఏం జరుగుతోందో తిరిగి పైకి రాయాలి. అంతే.

ఈ ఉద్యోగంలోకి ఇప్పుడు వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ హోదా ఇచ్చారు, ఏ సభలో శాలువా కప్పారు అన్నవి మీకు పనికిరావు. అందుకని ముఖ్యంగా నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దాన్ని నేనే సరిచేశాను కాబట్టి పెద్దగా సిగ్గుపడకుండానే రాయగలుగుతున్నాను.

గ్రాములతో చెప్పకండి

డెబ్బైల్లో బడి తిండి ఓడల్లో వచ్చేది. విదేశీ సాయం కింద గోధుమ రవ్వ, నూనె డబ్బాలు, కొన్నాళ్ళు మొక్కజొన్నా సోయా కలిపిన పచ్చటి పిండి మా హార్బర్లో దిగేవి. గోడౌన్లో పెట్టి, అక్కడి నుంచి లారీల్లో బడులకు పంపేవారు. ఓడ ఆలస్యమైతే ఒక ఉత్తర్వు. సరుకు మారితే ఇంకొకటి. నిధులు తగ్గితే మరొకటి. అన్నీ ఇంగ్లీషులోనే. బడి పంతుళ్ళు వాటిని జాగ్రత్తగా మడిచి హాజరు పట్టీలో పెట్టుకునేవారు, చదివేవారు కాదు.

నేను చేరిన కొత్తలో రవ్వ కొలత తగ్గిస్తూ ఒక ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టర్ల సమావేశంలో నిలబడి, ఒక్కో బిడ్డకు ఇకమీదట ఇన్ని గ్రాములు అని గట్టిగా చదివాను. నా ఉచ్చారణ బాగుందని ఎవరో మెచ్చుకున్నారు కూడా. వారం తర్వాత సింహాచలం కొండ కింద ఒక బడికి వెళితే, సగం మంది పిల్లలు తింటున్నారు, సగం మంది చూస్తున్నారు. ఏమిటిదని హెడ్మాస్టర్ని అడిగాను.

"సరుకు తగ్గించమన్నారు కదా మేడమ్. అందుకని ఈవేళ వీళ్ళకి, రేపు ఆళ్ళకి" అన్నాడాయన.

"ఒక్కొక్కరికి కొంచెం తగ్గించి అందరికీ పెట్టమన్నారండీ."

"గ్రాములు తూచడానికి మా బడిలో తక్కెడ ఎక్కడున్నాది మేడమ్?"

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఆ సాయంత్రం ఇంట్లో రవ్వ తూచి, వండి, ఒక బిడ్డ వంతు ఎంతవుతుందో చూశాను. పూర్ణా మార్కెట్లో రేకు పని చేసే ఆయన దగ్గర ఆ వంతు సరిగ్గా పట్టే గరిటెలు చేయించాను. తర్వాతి సమావేశంలో గ్రాముల మాటే ఎత్తకుండా, తలా ఒక గరిటె చేతిలో పెట్టి, "ఒక్కొక్కరికీ దీనితో ఒకటి, నిండుగా" అన్నాను. మళ్ళీ ఎవరూ పొరపాటు చేయలేదు. పై నుంచి వచ్చిన మాటను బడిలో ఉన్న వస్తువుతో చెప్పగలిగితేనే మీరు చెప్పినట్టు లెక్క.

విశ్వనాథం గారు

మా సూపరింటెండెంటు విశ్వనాథం గారిది రాజమండ్రి వైపు. తెల్ల చొక్కా, గొంతు పెంచని మనిషి. ఏ ఉత్తర్వు వచ్చినా రెండు మూడుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "ఇది ఎవరి కంచం లాగేస్తోందండీ?" అని అడిగేవారు. ఇచ్చేది మొదటి పేరాలోనే గొప్పగా రాస్తారట. తీసేసేది ఎక్కడో కింద ఒక ముక్కలో ఉంటుందట. దాన్ని వెతకమనేవారు. ఆయన మాట విని వెతికిన ప్రతిసారీ అది దొరికింది.

ఆయన్ని దేవుణ్ణి చేయను. ప్యూన్లతో కసిరినట్టు మాట్లాడేవారు. నేను పనిచేసినంత కాలం ఆయన ఒక్క బడికి కూడా వెళ్ళింది చూడలేదు. మోకాళ్ళ నొప్పులనేవారు కానీ, అసలు కారణం ఇష్టం లేకపోవడం. ఫైలు దగ్గర అంత తెలివైన మనిషి నాకు మళ్ళీ తగల్లేదు. బడి దగ్గర ఏముంటుందో ఆయనకు తెలియదు. నాకు రెండూ తెలుసని అప్పట్లో నేననుకునేదాన్ని.

ఊరు కదిలింది

ఉక్కు ఫ్యాక్టరీ కోసం భూములు తీసుకున్నాక, గాజువాక అవతలి ఊళ్ళు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. వాళ్ళకు వేరేచోట స్థలాలిచ్చి కాలనీలు వేశారు. అలా కదిలిన ఒక ఊళ్ళో చిన్న బడి ఉండేది. ఆ ఊరి పేరు రాయను. హెడ్మాస్టరు అప్పలనాయుడు గారు, ఇంకొక టీచరు, వంట చేసే పైడమ్మ. ఊరితో పాటు బడి కూడా కాలనీకి వెళ్ళి, నాలుగు స్తంభాల మీద రేకులు వేసిన పాకలో నడవడం మొదలుపెట్టింది.

ఒకరోజు అప్పలనాయుడు గారు మా ఆఫీసుకు వచ్చారు. చొక్కా అంతా ఎర్రమట్టి.

"మేడమ్, మాకు రవ్వ లారీ రావడం మానీసింది. నెల దాటింది."

మా జాబితా తీసి చూశాను. భోజనం పెట్టే ప్రతి బడినీ మేము కేంద్రం అనేవాళ్ళం. ఆయన కేంద్రం పాత ఊరి పేరుతోనే ఉంది. లారీ జాబితా ప్రకారం పాత ఊరికే వెళుతోంది. అక్కడ గోడలు తప్ప మనుషులు లేరు. డ్రైవరు సంచులు వెనక్కి తెచ్చి ‘తీసుకొనలేదు’ అని రాయించి వెళ్ళిపోతున్నాడు.

"దీనికేముందండీ, చిరునామా మార్పిస్తే సరిపోతుంది. నేను చూసుకుంటాను" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించి వెళ్ళారు. ఆ నమస్కారం నాకు నచ్చింది కూడా.

నా ఉత్తరం

అప్పుడు విశ్వనాథం గారు కంటి ఆపరేషన్ కోసం సెలవులో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగితే పిల్లలకు ఇంకో నెల తిండి ఉండదని నేనే హైదరాబాదుకు రాశాను. ఉత్తరం చక్కగా ఉండాలని రెండుసార్లు చిత్తు రాసి మరీ పంపాను. సారాంశం ఇది: ఫలానా ఊరు ఖాళీ అయినందున అక్కడి కేంద్రాన్ని మూసివేసి, కాలనీలో ఒక కొత్త కేంద్రాన్ని మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.

దానికి రెండు వారాల ముందే ఒక ఉత్తర్వు వచ్చి నా బల్ల మీద ఉంది. నిధుల కొరత వల్ల ఆ ఏడాది కొత్త కేంద్రాలు ఇవ్వరని, మూతపడిన కేంద్రాల సరుకు వెనక్కి తీసుకుంటారని అందులో ఉంది. నేను దాన్ని చదివాను. తెలుగులో రాసి బడులకు కూడా పంపాను. నా ఉత్తరం రాసేటప్పుడు మాత్రం ఆ రెండిటికీ సంబంధం ఉందని తట్టలేదు. ఊరు కదిలింది కాబట్టి పాతది మూత, కొత్తది కొత్తదే అనుకున్నాను.

జవాబు ఎప్పుడూ రానంత తొందరగా వచ్చింది. మూసివేతకు అనుమతి ఇచ్చారు. సరుకు వెనక్కి తీసుకున్నారు. వంట సామాన్లు అప్పగించమన్నారు. కొత్త కేంద్రం ప్రస్తుత పరిస్థితుల్లో సాధ్యం కాదన్నారు.

విశ్వనాథం గారు ఇంకా నల్ల కళ్ళద్దాలతోనే ఆఫీసుకు వచ్చి, ఫైలు కంటికి దగ్గరగా పెట్టుకుని చదివారు. నేను ఎదురుగా నిలబడ్డాను.

"అన్యాయం కదండీ" అన్నాను.

"అన్యాయం ఏముందండీ? మూసేయమని మీరే అడిగారు, మూసేశారు. మీరు అడిగిన రెండిట్లో ఒకటి ఇచ్చారు. ఇంత మంది పిల్లల తిండి ఇంత పద్ధతిగా తీసేయడం నేనెప్పుడూ చూళ్ళేదు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నా సీట్లోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ రోజు ఏ కాగితం ముట్టుకున్నా అందులో నేనేం పాడుచేస్తానో అని భయమేసింది.

ఆ తర్వాత మూడు వారాలు అప్పలనాయుడు గారికి కనబడకుండా తప్పించుకున్నాను. ఆయన వచ్చినప్పుడు రెండుసార్లు గోడౌన్ పని ఉందని వెళ్ళిపోయాను. ఈ భాగం రాయకుండా వదిలేయొచ్చు. కానీ మీలో ఎవరైనా రేపు ఇలాగే దాక్కుంటారు. దాక్కున్నంతసేపూ పిల్లలు తినకుండా ఉంటారని మీకు గుర్తుండాలని రాస్తున్నాను.

డేగిసా

మూడో వారం చివర్లో, మధ్యాహ్నం పన్నెండు దాటాక, ఒకావిడ నెత్తి మీద పెద్ద వంట డేగిసా పెట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కింది. దాన్ని దించకుండానే గుమ్మంలో నిలబడి అడిగింది.

"భోజనాల ఆఫీసు ఇదేనా అమ్మగోరూ?"

"ఇదే. ఎవరు కావాలి?"

"ఈ డేగిసా ఎవులు తీసుకుంతారో ఆలు కావాల. నా పేరు పైడమ్మ. కాలనీ బడిలో ఒంట సేసీదాన్ని. సామాన్లు అప్పసెప్పీమని కాయితం ఒచ్చినాది. మాస్టారు రేపూ మాపూ అంతన్నారు. సర్కారోల సామాను ఇంట్లో ఎట్టుకోడానికి నాకు బయం. అందుకే ఎట్టుకొచ్చీసినాను."

రెండు బస్సులు మారి తెచ్చింది దాన్ని. కండక్టరు డేగిసాకు కూడా టికెట్టు కొట్టాడట. కిందికి దించి, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. కుర్చీలో కూర్చోలేదు, డేగిసా పక్కన నేల మీదే కూర్చుంది.

"బడి మూసీసినారు కదమ్మా" అంది.

"బడి మూయలేదు పైడమ్మా. భోజనం కేంద్రం ఒక్కటే మూశారు."

"పిల్లలకి రెండూ ఒకటేనమ్మా."

ఆమే చెప్పుకుపోయింది.

"పాతూర్లో ఉన్నప్పుడు మీ రవ్వ నేకపోయినా గడిసిపోయీది. మద్దేనం ఇంటికెల్తే తాగడానికి సోడంబలి ఉండీది. సేలో దోసకాయో, కంది కాయో దొరికీది. ఇప్పుడు సేను నేదు. ఆడోలు, మగోలు తెల్లారకముందే కూలికి ఎల్లిపోతన్నారు. ఇల్లకి తాళాలు. మద్దేనం గంట కొడితే పిల్లలు ఎక్కడికెల్తారు? అప్పుడు పెట్టినారు, బాగున్నాది. కావాల్సినప్పుడు తీసీసినారు. ఎవులమ్మా ఈ పని సేసినారు?"

పక్క సీట్లలో ఇద్దరు గుమాస్తాలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. హైదరాబాదు వాళ్ళని చెబితే పైడమ్మ నమ్మేసేది.

"నేనే" అన్నాను. "మీకు తిండి రావాలనే రాశాను. తప్పుగా రాశాను."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె కోపపడలేదు.

"మీరు మా కొత్తూరు ఒచ్చినారా?"

"రాలేదు."

"మరి సూడకుండా ఏటి రాసినారమ్మా?"

లేచి చీర దులుపుకుంది.

"రాసిన సెయ్యి మీదే కదా. మల్లీ రాయండి. ఈపాలి సూసి రాయండి."

డేగిసా తీసుకోనన్నాను. "అది అక్కడే ఉండాలి. మీకది మళ్ళీ కావాలి" అన్నాను. "అయితే నానే మల్లీ మోసుకెల్లాలేటి?" అని పైడమ్మ నవ్వింది. ఆమె ఆఫీసుకు వచ్చాక నవ్వడం అదే. నేనొక చెవి పట్టుకున్నాను, ఆమె ఒక చెవి పట్టుకుంది. ఇద్దరం దాన్ని బస్సు దాకా మోశాం. కండక్టరుకు నేనే టికెట్టు డబ్బులిచ్చాను.

చూసి రాయడం

మర్నాడే కాలనీకి వెళ్ళాను. గాజువాకలో బస్సు దిగి, అక్కడి నుంచి రిక్షాలో కొంత, నడిచి కొంత. పాకలో పిల్లలు పైకి పాఠం చదువుతున్నారు. పన్నెండున్నరకు అప్పలనాయుడు గారు గంట కొట్టారు. పిల్లలు లేచి బయటికి వచ్చారు. ఒక్కరు కూడా ఇంటివైపు పరిగెత్తలేదు. నేరుగా బోరింగు దగ్గరికి వెళ్ళి, ఒకరు కొడుతుంటే ఒకరు దోసిలి పట్టి కడుపు నిండా నీళ్ళు తాగారు. తర్వాత పాక నీడలోనే కూర్చున్నారు. ఇద్దరు పడుకున్నారు. మధ్యాహ్నం తరగతులకు వాళ్ళను లేపడం కష్టమవుతోందని మాస్టారు చెప్పారు.

నా మీద కోపగించుకునే హక్కు ఆయనకుంది. ఆయన ఆ పని చేయకుండా హాజరు పట్టీ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. పాత ఊళ్ళో మొదలైన పట్టీ అదే. పేర్లు అవే. మధ్యలో కొన్ని గళ్ళు ఖాళీగా వదిలి, అడ్డంగా ‘ఊరు తరలింపు’ అని రాసి, తర్వాత వరుస నుంచి మళ్ళీ హాజరు వేశారు. కింద వరుసల్లో, బడికి రాని రోజులకు పెట్టే ఎర్రసిరా గీతలు ఎక్కువయ్యాయి. నాలుగో తరగతి అమ్మాయి ఈరమ్మ పేరుకు ఎదురుగా నెలంతా ఎర్రగీతే.

"ఈ అమ్మాయి?"

"పనిలోకి ఎల్లిపోతోంది మేడమ్. కట్టడం దగ్గర నీళ్ళు మోస్తోంది. అక్కడైతే ఆళ్ళమ్మ కేరేజీలోది కొంత పెడతాది కదా."

పట్టీలో కావలసిన పేజీలన్నీ అక్కడే కూర్చుని రాసుకున్నాను. ఆఫీసుకు తిరిగొచ్చి విశ్వనాథం గారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"మూసిన కేంద్రాన్ని తెరవమని అడక్కండి" అన్నారు. "తెరవడం అంటే వాళ్ళ దృష్టిలో కొత్తది ఇవ్వడమే. ఇవ్వరు. ఆ కేంద్రం అసలు మూతపడలేదని రాయండి. బడి అదే, పంతులు అదే, పట్టీ అదే, పిల్లలు వాళ్ళే. చోటు మారింది. మూయడమే పొరపాటు."

"అలా రాస్తే పొరపాటు ఎవరిదని అడుగుతారు కదండీ."

"అడుగుతారు. మీదని రాయండి."

"మెమో ఇస్తారండీ."

"ఇస్తారు. మెమో తీసుకుని బతికినవాళ్ళు ఈ ఆఫీసులో చాలామందే ఉన్నారు. వాళ్ళలో నేనొకణ్ణి."

ఇంట్లో మా ఆయన కూడా మెమో మాటే అన్నారు. ఆయన పోర్టులో గుమాస్తా, సర్వీసు రిజిస్టరు అంటే ఆయనకు రామాయణమంత పవిత్రం. "ఇంకెవరైనా రాయకూడదా?" అన్నారు. ఇంకెవరూ తప్పు చేయలేదని చెప్పాను. ఉత్తరం రాశాను. ఈసారి ఒక్కటే చిత్తు.

‘రెండోది ఎలా నమ్మాలి?’

ఉత్తరానికి జవాబు రాలేదు. రెండు నెలలయ్యాక నిధుల మార్పుల గురించి హెడ్మాస్టర్లకు చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. ద్వారకా నగర్లో ఒక హాల్లో సమావేశం పెట్టారు. అప్పలనాయుడు గారిని పట్టీ తీసుకుని రమ్మని ముందే కబురు చేశాను. సమావేశం అయిపోయి అధికారి కాఫీ తాగుతుండగా ఇద్దరం వెళ్ళి నిలబడ్డాం. విశ్వనాథం గారు మా వెనకాల నిలబడ్డారు. ఆయన రావడమే విశేషం.

అధికారికి విషయం గుర్తుంది. ముఖం చిట్లించారు.

"మూసేయమని రాసింది మీ ఆఫీసే. మూయడం పొరపాటని రాసిందీ మీ ఆఫీసే. ఎవరు రాశారు మొదటిది?"

"నేనేనండి."

"రెండోది?"

"అదీ నేనేనండి."

"మొదటిది తప్పని మీరే అంటున్నారు. రెండోది ఎలా నమ్మాలి?"

అది సరైన ప్రశ్న. ఆ స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. నాకు పైడమ్మ మాట తప్ప వేరే ఏదీ తోచలేదు.

"మొదటిది ఆఫీసులో కూర్చుని రాశానండి. రెండోది వెళ్ళి చూసి రాశాను."

అప్పలనాయుడు గారు పట్టీ తెరిచి, ఖాళీ గళ్ళున్న పేజీ ఆయన ముందు పెట్టారు. "ఇక్కడ దాకా పాతూరండి. ఇక్కణ్ణించి కాలనీ. పేర్లు సూడండి బాబూ, ఆళ్ళే. మా బడి ఎక్కడా ఆగలేదు" అన్నారు.

అధికారి పేర్లు చదివారు. రెండు వైపులా వేలు పెట్టి, ఒక్కో పేరూ పోల్చి చూశారు. కాఫీ చల్లారిపోయింది. ఎర్రగీతల దగ్గర ఆగి, ఇవేమిటని అడిగారు. మాస్టారు చెప్పారు. అధికారి జేబులోంచి పెన్ను తీసి, నా ఉత్తరం నకలు మీదే ‘కేంద్రం మార్పుగా పరిగణించవచ్చు’ అని రాసి సంతకం పెట్టారు. పెన్ను మూత పెడుతూ నా వైపు చూశారు.

"మీకు మెమో వస్తుందమ్మా."

"సరేనండి" అన్నాను.

మెమో ముందు వచ్చింది, రవ్వ లారీ తర్వాత వచ్చింది. లారీ వచ్చిన రోజు నేను కాలనీలోనే ఉన్నాను. పైడమ్మ డేగిసా తోమి సిద్ధంగా పెట్టింది. పిల్లలు ఉప్మా తిన్నారు. అందులో ఉల్లిపాయ తక్కువైందని ఒకడు అలిగాడు. ఆ అలక చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఈరమ్మ

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ ఆ బడికి దాదాపు ఆరు నెలల చదువు పోయింది, ‘కొత్త కేంద్రం’ అన్న నా రెండు మాటల వల్ల. తిండి మొదలయ్యాక చాలామంది పిల్లలు తిరిగి వచ్చారు. ఈరమ్మ రాలేదు. నేను, మాస్టారు కలిసి ఒక ఆదివారం వాళ్ళ ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మ చాప వేసి కూర్చోబెట్టింది.

"నాను ఒద్దంతన్నానేటమ్మా? అదే ఎల్లనంతంది" అంది. "దాని కూలితో సిన్నోడికి మందులు కొంతన్నాను. ఇప్పుడు మానెయ్యమంటే నా నోరు రాదు."

ఈరమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. పొడుగైంది. చేతులు గట్టిపడ్డాయి. బడికి వస్తావా అని అడిగితే, "సిగ్గేత్తాది మేడమ్. అందరూ ముందుకెల్లిపోనారు" అంది. ఇంకా రెండుసార్లు వెళ్ళాను. రాలేదు. నా సర్వీసు రిజిస్టర్లో మెమో ఉంది కానీ ఈరమ్మ పేరు లేదు. నేను మాత్రం ఆ తప్పును ఆ పేరుతోనే గుర్తుపెట్టుకున్నాను.

రెండో ఊరు

మరుసటి ఏడాది ఇంకో ఊరు కదలాలి. ఈసారి ఊరు కదలకముందే నేను వెళ్ళాను. బడి చూశాను, కాలనీ స్థలం చూశాను, పట్టీలో పేర్లన్నీ రాసుకున్నాను. ‘కేంద్రం మార్పు’ అని రాసి, విశ్వనాథం గారికి చూపించి పంపాను. ఆయన ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. అంతకుముందు నా కాగితం ఏదీ ఆయన చేతిలోంచి అలా బయటపడలేదు. ఊరు ఖాళీ చేసే తేదీకి ముందే ఉత్తర్వు వచ్చింది. తర్వాత కదిలిన ఊళ్ళన్నిటికీ అదే పద్ధతి. నేను ఆ సీట్లో ఉన్నంతకాలం ఊరు మారినందుకు ఏ బడికీ ఒక్క పూట తిండి ఆగలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

ఆ ఊరు కదిలిన రోజు రవ్వ, నూనె డబ్బా, వంట సామాన్లు మొదటి లారీలోనే వెళ్ళాయి. కొత్త వంటావిడకు చెయ్యి సాయంగా పైడమ్మ వచ్చింది, నేను పిలవకుండానే. రేకుల పాక వెనక మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించారు. పదకొండు గంటల నుంచి బళ్ళు రావడం మొదలైంది. మంచాలు, కుండలు, కోళ్ళ గంపలు, ఇంటి దూలాలు. తలుపులు కూడా ఊడదీసుకుని తెచ్చుకున్నారు. ఎవరి స్థలం ఏదో తెలియక అరుపులు, వెతుకులాటలు. ఎండ మండిపోతోంది. ఒక్క ఇంట్లోనూ పొయ్యి లేదు, ఇంకా ఇల్లే లేదు.

పిల్లలను వరుసగా కూర్చోబెట్టి వడ్డించాం. వాళ్ళు తింటుంటే పెద్దవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూ మా వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు. ఒక ముసలాయన తన తలుపు నేల మీద పరిచి దాని మీద కూర్చున్నాడు. ఎంతసేపటికో నన్ను పిలిచాడు.

"అమ్మా, మాకూ ఓ ముద్ద ఎడతారేటి? పొద్దున్నించి ఏటీ నేదు."

బడిలో పేరున్న పిల్లలకు తప్ప ఎవరికీ పెట్టకూడదని రూలు. ఆ రూలు తెలుగులో రాసి జిల్లా అంతటా పంచింది నేనే. ఆ బడి హెడ్మాస్టరు నా ముఖం చూశారు, పైడమ్మ కూడా చూసింది.

"ఇంకో డేగిసా ఎక్కించు పైడమ్మా" అన్నాను.

రెండో డేగిసా ఉడికేసరికి ఊళ్ళో సగం మంది పాక చుట్టూ చేరారు. విస్తళ్ళు చాలక బాదం ఆకుల్లో పెట్టాం. ముసలాయన తలుపు మీదే కూర్చుని, మొత్తం తిన్నాడు. ఆకు మడిచి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"ఈ కొత్తూర్లో ముందుగా ఎలిగింది మీ పొయ్యేనమ్మా" అన్నాడు.

ఆ నెల రిపోర్టులో ఆ రోజు పిల్లలతో పాటు ఊరివాళ్ళు కూడా తిన్నారని, పెట్టమన్నది నేనేనని ఉన్నదున్నట్టు రాసి పంపాను. దాని మీద హైదరాబాదు నుంచి ఏ ప్రశ్నా రాలేదు.